మందు కొట్టుటకు ముందు గాలి సంగతి

పల్నాటి పత్తి, మిరప రైతులలో పలువురు తెల్లవాఱుజామున ఆకు కదలనివేళ మందు కొట్టుట మంచిదని తలంతురు. గాలి లేనిచో మందు పొరుగుచేనికి పోదని వారి నమ్మకము. ఈ నమ్మకము మోసకరమని మేము మనవి చేయుచున్నాము.

ఆకాశము నిర్మలముగానున్న రాత్రి భూమి తన వేడిని త్వరగా కోల్పోవును. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. అప్పుడు కొట్టిన మందులోని సన్నని తుంపరలు పైకి పోయి చెదరవు, క్రిందికి త్వరగా దిగవు. పొగమంచువలె తేలుచు పొరుగుచేలకు, చెరువులకు, ఇండ్లకు ప్రాకును. మందు వ్యర్థము, పొరుగువానితో తగవు, కూలివాని ఆరోగ్యమునకు ముప్పు.

కంటికి కనబడని ఈ మూతను ధ్వనితో కనిపెట్టు యంత్రము గలదు. దానిని సోడార్ అందురు. అది మీదికి ధ్వనిని పంపి, వేడిమి మాఱుచుండు గాలిపొరలనుండి వచ్చు ప్రతిధ్వనిని గ్రహించును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, సెకనులో తిరిగివచ్చిన ప్రతిధ్వని 170 మీటర్ల యెత్తునుండి వచ్చినట్లు లెక్క. ధ్వని స్థాయిలోని మార్పునుబట్టి గాలివేగమును తెలియును. తిరుపతి సమీపమున గాదంకిలో 1992లో ఆరంభమైన సంస్థ, నేటి జాతీయ వాతావరణ పరిశోధనశాల, ఇట్టి యంత్రముతో పరిశోధనలు జరిపినది.

అయితే సోడార్ తన నెత్తిమీది గాలినే చెప్పగలదు. గాదంకి గాలి మాచర్ల కొండల నడిమి గాలికి సాక్ష్యము కాదు. కావున నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములందు, బండ్ల రొద చేరని తావుల నొక్కొక్క యంత్రమును నెలకొల్పి, ఆ ఉదయము మందు కొట్టదగునో లేదో లాం పరిశోధనా స్థానము ద్వారా రైతులకు తెలుపవలెనని మా అభిప్రాయము. వ్యయమగునందురేమో, వ్యర్థమగు మందు ఖరీదును లెక్కవేసి చూడుడు. ఒంటరి రైతు అడిగిన ఆలకించువారు లేరు. సంఘములన్నియు తీర్మానించి అడుగవలెను.

అంతవఱకు సోదరులు ఈ పరీక్ష చేయవచ్చును. గట్టున కొంచెము పొగ పెట్టి చూడుడు. పొగ పైకి పోక అడ్డముగా పఱచుకొన్నచో మందుయంత్రమును దింపుడు. పొద్దెక్కి, నేల వెచ్చబడి, పొగ పైకి లేచుచు, పిల్లగాలి పొరుగువాని చేనివైపు గాక మఱొక దిక్కునకు నిలకడగా వీచునప్పుడు పని మొదలిడుడు. గంటసేపు ఆగుటవలన చీడ చేనును మ్రింగదు. తొందరపాటువలన మందు మాత్రము మన చేను దాటిపోవును.