పబ్బులకు కావాల్సింది గాలి, గడియారం కాదు
కొవిడ్ వల్ల 2020 మార్చి 20న మూతపడ్డ ఇంగ్లండ్ పబ్బులు జులై 4న మళ్లీ తెరుచుకున్నాయి. తెరవడానికి ముందు పనివాళ్లు పాడైన బీరు పారబోసి, పీపాల నుంచి కుళాయిల దాకా వెళ్లే గొట్టాలు కడిగి, నేలమీద టేపు గీతలు అంటించారు. బార్ దగ్గర నిలబడి తాగే అలవాటుకు స్వస్తి చెప్పి, టేబుల్ దగ్గరికే వడ్డన మొదలుపెట్టారు. సంగీతం సౌండు తగ్గించమన్నారు. అరిచి మాట్లాడితే తుంపర్లు ఎక్కువ ఎగురుతాయి కాబట్టి అది సరైన సలహాయే. కస్టమర్ల ఫోన్ నంబర్లు 21 రోజులు ఉంచాలన్న నిబంధన అంతకన్నా మేలు చేసింది. కొద్ది రోజులకే బర్నమ్-ఆన్-సీలో ఒక పబ్బుకు వచ్చిన కస్టమర్‌కు కొవిడ్ తేలితే, నిర్వాహకులు వెంటనే తలుపులు మూసి, జాబితా చూసి మిగతావారికి ఫోన్లు చేశారు. అలా మూయడం పరువు తక్కువ పని కాదు, బాధ్యత. సెప్టెంబరు 24న వచ్చిన, రాత్రి 10 గంటలకే పబ్బులు మూయాలన్న గడువును మాత్రం సమర్థించలేం. అప్పటిదాకా లోపల విడివిడిగా కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా వీధిన పడి, బస్టాపుల్లో గుంపులు కట్టారు. గడియారం మీద పెట్టిన ఆ శ్రద్ధ గాలి ఆడటం మీద పెట్టాల్సింది, ముఖ్యంగా కప్పు కిందికి ఉండి కిటికీలు చిన్నవైన పాత పబ్బుల్లో. మళ్లీ మూతపడ్డ పబ్బులను 2021లో తెరిచినప్పుడు, ముందు ఏప్రిల్ 12న ఆరుబయట, ఆ తర్వాతే మే 17న లోపల వడ్డనకు అనుమతించడం మంచి క్రమం. ఇక వడ్డించేవాళ్ల సంగతి: ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో ఉండమన్నారు సరే, 2020లో చట్టప్రకారం అందే సిక్ పే (జబ్బు సెలవు జీతం) వారానికి 95.85 పౌండ్లే. అద్దె కట్టుకోవాల్సిన కుర్రాడు దగ్గును దాచి డ్యూటీకి వస్తే తప్పు అతనిది కాదు. పబ్బులు తెరిచిన రోజే ఆ మొత్తాన్నీ పెంచి ఉండాల్సింది.