ధర్మం చేస్తే లాభమొస్తుందా?

సంఘానికి మేలు చేసే కంపెనీకి లాభాలు పెరుగుతాయా అన్నది కామర్సు విద్యార్థులకు ఎన్నటికీ పాతబడని ప్రశ్న. డిబేటులో అంశంగా ఇస్తే ఇరుపక్షాలవారికీ మాటలకు కొదవుండదు. పెరుగుతాయనేవారు, మంచి పేరొస్తుంది, పనివాళ్ళు నిలుస్తారు, కొనేవాడు నమ్ముతాడు అంటారు. కాదనేవారు మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. చట్టానికి లోబడి లాభం గడించడమే వ్యాపారానికున్న సామాజిక బాధ్యత అని ఆ ఆర్థికవేత్త 1970లో న్యూయార్క్ టైమ్స్ వారి పత్రికలో వాదించాడు. వాటాదారుల సొమ్ముతో మేనేజరు దానకర్ణుడు కావడం ఆయనకు బొత్తిగా గిట్టదు.

పరిశోధకులు ఊరుకున్నారా? వ్యాసాల మీద వ్యాసాలు రాశారు. 2003లో ఆర్లిట్జ్‌కీ, ష్మిట్, రైన్స్ అనే ముగ్గురు 52 అధ్యయనాలను కలిపి తూచి, బాధ్యతకూ లాభానికీ మొత్తంమీద పొత్తు కుదురుతోందని తేల్చారు. కుదిరితే సరే, ఏది ముందు? ఊళ్ళో సత్రం కట్టించిన షావుకారు డబ్బున్నవాడే. సత్రం కట్టించాడు గనక డబ్బొచ్చిందా, డబ్బుంది గనక సత్రం కట్టించాడా? వాడక్, గ్రేవ్స్ అనే ఇద్దరు 1997లోనే ఈ చిక్కును పట్టుకుని, రెండూ ఎంతోకొంత నిజమేనన్నారు.

ఈ చిక్కు విప్పడానికి మన ప్రభుత్వమే, తెలిసో తెలియకో, ఒక ప్రయోగం చేసిపెట్టింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సంఘం కోసం వెచ్చించాలి. మొదట్లో, ఖర్చుపెట్టలేకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 నుంచి జరిమానా కూడా వచ్చింది. మరి బజారు ఏమంది? హరిఓం మంచిరాజు, శివరాం రాజగోపాల్ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ నిబంధన మూలంగా దాని కిందికి వచ్చే కంపెనీల వాటాల ధర సగటున 4.1 శాతం పడిపోయింది. అయితే ప్రకటనల మీద ధారాళంగా ఖర్చుపెట్టే కంపెనీలకు మాత్రం ఆ దెబ్బ తగల్లేదట! దానం చేసినవాడి కంటే దానాన్ని చాటుకోగలిగినవాడికే గిట్టుబాటు అన్నమాట. (ప్రకటనలతో బతికే ఈ సంచికలో ఇలా రాస్తున్నందుకు సంపాదకమిత్రులు మన్నింతురు గాక.) ఇంకో విడ్డూరం ఉంది. ధర్మపాల, ఖన్నాల పరిశోధనలో తేలిందేమంటే, చట్టం రాకముందు 2 శాతం కంటే ఎక్కువే ఇస్తూ వచ్చిన పెద్ద కంపెనీలు, చట్టం వచ్చాక చెయ్యి కుదించుకున్నాయి. కనీసం ఇంత అని గీత గీస్తే, అంతే చాలని అర్థం చేసుకున్నారు కాబోలు.

ఇదంతా లెక్కలు సత్యమైనవనే భరోసా మీద నడిచే చర్చ. తెలుగువాళ్ళం మనం ఆ భరోసా ఎంతపాటిదో కళ్ళారా చూశాం. సత్యం కంప్యూటర్స్ రాజుగారి కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. గోదావరి పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు నడిపింది. 2005లో హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైంది. 2008 సెప్టెంబరులో కంపెనీకి, సుపరిపాలనకు గాను, గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా దక్కింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, రామలింగరాజు తానే ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని! వాటా ధర ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులకు పైగా కూలింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం ఆయన్నీ, మరి కొందరినీ దోషులని తీర్పు చెప్పింది. వారు అప్పీలుకు వెళ్ళారు.

2008లో ఏ పరిశోధక విద్యార్థి అయినా సత్యాన్ని తన పట్టికలో చేర్చి ఉంటే, బాధ్యత నిలువు వరసలో మంచి మార్కులు, లాభం నిలువు వరసలో మంచి మార్కులు, ధర్మం చేస్తే లాభమొస్తుందనడానికి చక్కని ఉదాహరణ దొరికేది. అందులో లాభం వరసే కల్పితం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రెండో సంగతి. 108 కల్పితం కాదు. కంపెనీ టెక్ మహీంద్రా చేతికి పోయింది, అంబులెన్సు నిర్వహణ జి.వి.కె.కు మారింది, ఆ సైరను మాత్రం ఆగలేదు. రోడ్డు మీద పడివున్నవాడికి దాన్ని పెట్టినవాడి బాలెన్సు షీటుతో పనేముంది? అంబులెన్సు విలువను వాటా ధరతో తూచడం ఎంత అసంబద్ధమో, అంబులెన్సును చూసి ఆ కంపెనీ లెక్కలు నమ్మడమూ అంతే.

కొలవవలసింది వేరే చోట ఉంది. కంపెనీ తన వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ 2 శాతం కింద లెక్కకు రాదు. న్యాయమే. కాని దాంతో బాధ్యత అంటే బడికి బల్లలివ్వడం, మొక్కలు నాటడం అన్న భావం బలపడిపోయింది. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునలు ముందుగా 50 కోట్లు జమచేయమంది. ఆ ట్యాంకు చల్లగా ఉందో లేదో చూడడం ఏ సామాజిక బాధ్యత నివేదికలోనూ ఫోటో వేసుకోదగిన పని కాదు. కాని వెంకటాపురం జనానికి ఆ రాత్రి కావలసిన బాధ్యత అదొక్కటే.

క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీలవారు మనకు మొక్కల ఫోటోలు, బడిపిల్లల ఫోటోలు చూపిస్తారు. చూడండి, చప్పట్లూ కొట్టండి. ఆ తర్వాత, మీ ఫ్యాక్టరీ మురుగునీరు ఎక్కడ కలుస్తోంది, కాంట్రాక్టు కార్మికులకు ప్రావిడెంటు ఫండు ఏ నెల వరకు కట్టారు, ఆడిటర్లను ఎన్నేళ్ళకోసారి మారుస్తున్నారు అని కూడా అడగండి. ఉద్యోగం రాదేమోనన్న బెంగ ఉంటే, ముందు నియామకపత్రం చేతికొచ్చినవాళ్ళు అడగండి.