శరీరము - ఒక అమానతు

పతకము వచ్చిన నాడు క్రీడాకారుల మెడలో పూలదండలు వేయుటకు అందరును ముందుకు వత్తురు. ఆ పతకమునకై వారు త్రాసు ముందు పడు యాతనను తలచువారు అరుదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ వీరనారి వినేశ్ ఫోగాట్ రాత్రంతా చెమటోడ్చి, నీరు మాని, తుదకు జుట్టు కత్తిరించుకొనినను, 100 గ్రాముల బరువు అధికమై 50 కిలోల తరగతి ఫైనల్‌కు అనర్హురాలైనది. 2022లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేతయైన మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ కూడ పారిస్‌లో 50 కిలోల తరగతిలోనే పోటీపడినది. బరువు తగ్గుటకై రెండు దినములు భుజింపలేదని ఓటమి పిదప ఆమెయే చెప్పినది. వారి పట్టుదలకు మేము శిరసు వంచెదము. కాని ఆ పస్తులను మన విద్యార్థులు అనుకరింపరాదని మా దృఢాభిప్రాయము.

పోటీకి ముందు హఠాత్తుగా తగ్గునది అధికభాగము నీరే గాని కొవ్వు కాదు. నీరు తగ్గిన నెత్తురు చిక్కబడును; గుండె శ్రమించును; సత్తువ సన్నగిల్లును.

"మనము రోజాలు ఉండుట లేదా, సార్?" అని కుస్తీ నేర్చు విద్యార్థి యొకడు మమ్ము ప్రశ్నించినాడు. రోజాకు సహరీ కలదు, ఇఫ్తార్ కలదు. రోగికి, ప్రయాణికునికి మినహాయింపు కలదు. అది మనోనిగ్రహమునకే గాని తూకమునకు కాదు. శరీరము అల్లాహ్ మనకొసగిన అమానతు. దానిని పదిలముగా కాపాడుట మన విధి.

కావున తన దేహమునకు తగిన తరగతిని ముందే ఎంచుకొని, పప్పు, గుడ్లు, పాలు, కంటినిండ నిద్రతో నెలల తరబడి సాధన చేయుటయే మేలు. హాస్టలు వంటశాలలో ఆటగాండ్రకు దినమునకు రెండు గుడ్లు అధికముగా నిచ్చుట, గెలిచిన నాటి పూలదండకన్న గొప్ప సత్కారము.