కొత్త కోచ్ అనే పాత మంత్రం

మన క్రీడారచనకు ఒక తేలికైన అలవాటు పట్టుకుంది. జట్టు గెలిస్తే కోచ్‌ను పల్లకీ ఎక్కించడం, ఓడితే అదే పల్లకీలోంచి కిందికి తోసేయడం. ప్రతి సీజన్‌కు ముందు కొత్త కోచ్ గారి ఫోటో, కొత్త కోచ్ గారి ‘తత్వం’, కొత్త కోచ్ గారి మీద కొండంత ఆశ. సీజన్ ముగిశాక ఆయన మీద తీర్పు. ఈ హడావుడిలో జీతాలు ఎవరిస్తున్నారు, మైదానం ఎవరిది, జట్టు ఏ ఊరికి జవాబుదారీ అన్న ప్రశ్నలు ఎక్కడా వినిపించవు. వినిపించకపోవడం కొందరికి ఎంతో సౌకర్యం. ఆ సౌకర్యం ఖరీదు ఏమిటో హైదరాబాదుకు 2025 అక్టోబరులో తెలిసింది. ఆరేళ్ల పాటు మన నగరం పేరు మోసిన వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు పేరు మార్చుకుని, ఢిల్లీకి తరలిపోయింది.

హైదరాబాద్ ఎఫ్.సి. కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2019 ఆగస్టులో, పుణె క్లబ్బు మూతపడిన ఖాళీలో, ఇది పుట్టింది. అంటే పుట్టుకలోనే ఒక ఊరి నష్టం ఇంకో ఊరి లాభమైంది; అప్పుడు మనం పండుగ చేసుకున్నాం గాని ఆ తర్కం రేపు మన మీదికీ వస్తుందని తలచలేదు. మొదటి సీజన్‌లో ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్ కోచ్. పద్దెనిమిది మ్యాచుల్లో రెండే గెలుపులు, పది పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. సీజన్ సగంలో, 2020 జనవరిలో, ఆయన్ను పంపేశారు. తరువాత ప్రకటించిన ఆల్బర్ట్ రోకా ఒక్క సీజన్ కూడా నడపకుండానే బార్సిలోనా పిలుపు అందుకుని వెళ్లిపోయాడు. 2020 ఆగస్టు చివర మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన తొలి సీజన్‌లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. మరుసటి సీజన్‌లో, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆడిన ఫైనల్‌లో 1-1తో సమమై, పెనాల్టీల్లో 3-1తో గెలిచి, ఇండియన్ సూపర్ లీగ్ కప్పు అందుకుంది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తరువాతి ఏడు లీగ్ దశలో రెండో స్థానం. ఇంతవరకు చదివితే ‘కొత్త కోచ్’ మంత్రానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఉండదనిపిస్తుంది.

ఆ తరువాతి పుట తిరగేయండి. 2023లో మనోలో గోవాకు వెళ్లాడు. 2023-24 సీజన్‌లో జట్టు ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటి గెలిచింది. ఎనిమిది పాయింట్లతో పన్నెండో స్థానం, అంటే అట్టడుగు. ఆ సీజన్ భారం మోసినవాడు తాంగ్‌బోయ్ సింగ్టో. ఈయన ఎక్కడినుంచో ఊడిపడ్డ అసమర్థుడు కాదు. విజేతగా నిలిచిన సంవత్సరాల్లో మనోలో పక్కన పనిచేసినవాడే, కుర్రాళ్లను తీర్చిదిద్దడంలో పేరున్నవాడే. మరి ఆయన చేతికి రాగానే జట్టుకేమైంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుగా కోచ్‌ను తప్పుపట్టడం సులువు. కాని ఆ సీజన్‌లో జరిగింది బహిరంగ రహస్యం. ఆటగాళ్ల జీతాలు బకాయి పడ్డాయి. బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, వారి వెనుక పేరున్న స్వదేశీ ఆటగాళ్లూ వెళ్లారు. మిగిలిన పిల్లలతో సింగ్టో సీజన్ ఈడ్చాడు. ‘కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లవాడు మాత్రం దుడ్డులా ఉండాలి’ అని మనవాళ్లు అన్నది ఇలాంటి యజమానులను చూసే అయి ఉంటుంది.

2024-25 నాటికి యాజమాన్యం చేతులు మారింది. సీజన్ మధ్యలో, డిసెంబరులో, సింగ్టోను తప్పించి షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. మళ్లీ అదే మంత్రం. పట్టికలో చివరినుంచి రెండో స్థానం. ఆ తరువాత మార్చడానికి కోచ్ సరిపోలేదు కాబోలు, ఏకంగా ఊరినే మార్చేశారు.

మనోలో ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కాని ఆయన జీవితమే నా వాదానికి బలం. ఇదే మనోలో 2024లో భారత జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. గోవా క్లబ్బును, దేశం జట్టును ఏకకాలంలో నడిపాడు. 2025 మేలో గోవాకు సూపర్ కప్ గెలిచి పెట్టాడు. దేశం జట్టుతో మాత్రం ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటే గెలిచి, 2025 జూలైలో తప్పుకున్నాడు. ఒకే మనిషి, ఒకే బుర్ర, ఒకే సంవత్సరం. ఒకచోట కప్పు, ఇంకోచోట అవమానం. తేడా కోచ్‌లో లేదు. ఆ కోచ్ కాళ్ల కింద ఉన్న నేలలో ఉంది. విత్తనం మంచిదైనంత మాత్రాన బండమీద మొలకెత్తదు.

* 

ఇప్పుడు నేల సంగతి. నేనుండేది జహనుమాలో. జహాన్‌నుమా అంటే లోకాన్ని చూపించేది అని అర్థం. మా పక్కనున్న ఫలక్‌నుమా పేరులో ఆకాశం ఉంది. లోకాన్నీ ఆకాశాన్నీ పేర్లలో పెట్టుకున్న ఈ పేటల నుంచి హైదరాబాద్ ఎఫ్.సి. సొంత మైదానమైన గచ్చిబౌలి స్టేడియానికి రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైలు ఉంది కాని అది స్టేడియం గుమ్మం దాకా పోదు. ఆ ఆరేళ్లలో చాంద్రాయణగుట్ట దారిలో గాని, గచ్చిబౌలి స్టేడియం దగ్గర గాని మెట్రో స్టేషన్ లేదు. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచి చూసి, పాతబస్తీ కుర్రవాడు ఇల్లు చేరేదెప్పుడు? అయినా స్టేడియం నిండకపోతే “హైదరాబాదులో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదు” అని తీర్పు చెప్పేశారు. దూరంగా దుకాణం తెరిచి, గిరాకీ లేదని ఊరిని తిట్టినట్టుంది.

ఆదరణ లేదనేవారిని ఒక్కసారి చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌కు రమ్మంటాను. నిజాముల కాలంలో అరబ్బు సైనికుల బారకాసులుండిన ఆ పేటలో ఫుట్‌బాల్ కాలక్షేపం కాదు, వంశాచారం. అక్కడి పిల్లలకు ఆట నేర్పడానికి ఎవరూ స్పెయిన్ నుంచి రానక్కరలేదు. వాళ్లను చూడడానికి ఎవరైనా క్రమం తప్పకుండా రావలసి ఉంది, అంతే.

ఇంకో విడ్డూరం ఉంది. మనం గొప్పగా చెప్పుకునే ఆ విజేత సీజన్‌లో హైదరాబాద్ జట్టు హైదరాబాదులో ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. కరోనా కారణంగా 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. అది ఎవరి తప్పూ కాదు. కాని ఫలితం ఏమిటి? ఫైనల్ రోజున ఫటోర్డా గ్యాలరీలు కేరళ అభిమానుల పసుపు రంగుతో నిండిపోయాయి. కప్పు హైదరాబాదుది, కేకలు కేరళవి. ‘డెక్కన్ లీజియన్’ పేరుతో కూడిన మన అభిమానుల గుంపు చిన్నదే అయినా నిజాయితీ కలది. ఓడిన రోజుల్లోనూ జెండా వదలని ఆ కొద్దిమందికి క్లబ్బు భవిష్యత్తు మీద ఒక్క ఓటైనా లేదు. ఫ్రాంచైజీ వ్యవస్థలో అభిమానికి గొంతు ఉంటుంది, చెయ్యి ఉండదు.

* 

“మరి రహీం సాహెబ్ సంగతేమిటి? ఆయనా కొత్త కోచ్‌గా వచ్చి మొదటి ఏడే అద్భుతం చేయలేదా?” అని విజ్ఞులైన పాఠకులు అడగవచ్చు. అడగాలి కూడా. సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యాడు. ఆ ఏడే బొంబాయిలో రోవర్స్ కప్ వచ్చింది. 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఆ కప్పు ఈ ఊరు దాటి పోలేదు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా మన పోలీసులదే. 1948లో పోలీస్ చర్య జరిగి, రాష్ట్రం ఇంకా కుదుటపడని రోజులవి. ఆ గాయాల నడుమ ఒక హైదరాబాదీ జట్టు కలకత్తా, బొంబాయి మహాజట్లను మట్టికరిపించడం చిన్న విషయం కాదు.

కాని ఆ మొదటి సంవత్సరం వెనుక ఎన్ని సంవత్సరాలున్నాయో చూడండి. రహీం వృత్తికి బడిపంతులు. కోచ్ కాకముందే, 1940ల తొలి సగం నుంచి, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఊళ్లో ఎవరు ఏ గల్లీలో ఏ కాలితో ఆడతారో ఎరిగినవాడు. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టి బంతిని వెంటనే అందించడం అలవాటు చేశాడు. వాటం లేని కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టి రెండు కాళ్లనూ సమం చేశాడు. ఎత్తు పరిమితి పెట్టి చిన్నపిల్లలకు వేరే పోటీలు నడిపాడు. ఇవన్నీ టీవీకి పనికొచ్చే తమాషాలు కావు. ఓపికతో కూడిన పంతులు పని. ఇక ఆటగాడి పొట్ట సంగతి పోలీస్ శాఖ చూసుకుంది. ఉద్యోగం ఉంది, నెల జీతం ఉంది, రేపు కాలు విరిగినా బతుకు ఉంది. కోచ్ ఆట గురించి ఆలోచించాడు, శాఖ అన్నం గురించి ఆలోచించింది.

అందుకే ఆ పంట ఈ ఊరితో ఆగలేదు. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం సాధించాయి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం వంటివారు ఈ నేల నుంచే దేశానికి వెళ్లారు. రహీం క్యాన్సర్‌తో 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆయనతో పాటు అంతా ఆ మర్నాడే కూలిపోలేదని గమనించండి: 1965లోనూ ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. మంచి కోచ్‌కు గురుతు అదే. ఆయన పోయాక కూడా కొంతకాలం చెట్టు కాస్తుంది. తరువాత ఆటగాళ్లకిచ్చే ఉద్యోగాలు తగ్గాయి, మైదానాలు కుంచించుకుపోయాయి. చెట్టుకు నీళ్లు పోసే చేతులు ఆగిపోయాయి, చెట్టు ఎండింది. దానికి ఏ కోచ్‌ను తిడదాం?

2024 ఏప్రిల్‌లో రహీం జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. చీకటి గదుల్లో కూర్చుని మనవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సరిగ్గా అదే ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎఫ్.సి. ఒకే ఒక్క గెలుపుతో పట్టిక అడుగున సీజన్ ముగించింది. పోయిన కోచ్‌కు కన్నీళ్లు, ఉన్న కోచ్‌కు తిట్లు. రెండూ చౌకే. ఆటగాడి జీతం ఒక్కటే ఖరీదు.

*

“పాత రోజులు తిరిగి రావు, పోలీసు ఉద్యోగాలతో ఈనాడు వృత్తి జట్లు నడవవు” అనే అభ్యంతరం న్యాయమైనదే. తిరిగి రమ్మని నేనూ అనడం లేదు. కాని ఆ రోజుల్లో ఉన్న మూడు సంగతులు ఈనాటి భాషలో అడగవచ్చు. ఒకటి: సీజన్ మొదలు కాకముందే ఆ సీజన్ జీతాల సొమ్ము మొత్తం లీగ్ దగ్గర డిపాజిట్ చేయనిదే ఏ క్లబ్బునూ ఆడనివ్వకూడదు. రెండు: ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బు ఆ ఊరి బస్తీల్లో, బార్కస్ వంటి చోట్ల, ఏడాది పొడుగునా శిక్షణ నడపాలి, ఫోటోల కోసం ఒక్కరోజు కాదు. మూడు: ఊరి పేరు ఊరిదే. అభిమానుల సంఘం సమ్మతి లేకుండా క్లబ్బును ఇంకో ఊరికి తరలించే హక్కు యజమానికి ఉండకూడదు.

మూడోది గొంతెమ్మ కోరిక అనుకునేవారు లండన్ వైపు చూడాలి. వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి రాగానే, అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఆ ఏడే తమ సొంత క్లబ్బు స్థాపించుకుని, కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కి, 2020 నవంబరులో తమ పాత పేట ప్లౌ లేన్‌కు కొత్త స్టేడియంతో తిరిగి వచ్చారు. ఆ పద్దెనిమిదేళ్లలో వాళ్లకూ కోచ్‌లు వచ్చారు, పోయారు. క్లబ్బు మాత్రం పోలేదు, ఎందుకంటే అది జనానిది.

హైదరాబాద్ ఎఫ్.సి. వెళ్లిపోయిందని నాకు బాధ లేదనను. కాని వెళ్లిపోగలగడమే అసలు రోగం. వేరున్నది కదలదు. రేపు ఇంకెవరో సంపన్నులు మన ఊరి పేరుతో ఇంకో జట్టు పెడతారు. పత్రికల నిండా కొత్త కోచ్ ముఖం నిండుతుంది. అప్పుడు ఆయన పేరేమిటి, ఆయన దేశమేమిటి, ఆయన ఎత్తుగడలేమిటి అని అడగడానికి ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: ఒకటో తారీకున జీతం ఎవరిస్తారు? దానికి సూటిగా జవాబు చెప్పలేని యాజమాన్యం తెచ్చే కోచ్ రహీం సాహెబే అయినా, ఆ సీజన్ మనది కాదు.