పెదవులు చెప్పిన పాఠము

మన పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులు త్యాగరాజస్వామివారి కృతి నొకదానిని పాడి, దానికి వీడియో చిత్రము తీయుటకై హోసూరునుండి తిరువయ్యారునకు బోయి వచ్చిన సంగతి చదువరు లెరుగుదురు. మూడు దినములు బడి మాని, సెల్‌ఫోనులు చేతబట్టి కావేరి గట్టున తిరుగుట యేమి చదువని కొందరు తల్లిదండ్రు లడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. పిల్లల వెంట బోయిన యుపాధ్యాయులలో నొకడనగుటచే, నాకు తోచినది విన్నవించుచున్నాను. ఆ మూడు దినములును తెలుగు చదువునకే చెల్లినవని నా దృఢాభిప్రాయము.

ఇట్టి చిత్రము తీయు విధమును గూర్చి ముందుగా రెండు మాటలు చెప్పవలెను. తెరమీద పాడుచున్నట్లు కనబడువారు నిజముగా అచట పాడుట లేదు. నదీతీరమున మైకు పెట్టినచో గాలిహోరే గాని పాట వినబడదు. కావున పాటను నిశ్శబ్దమైన గదిలో ముందే రికార్డు చేసికొని, చిత్రము తీయుచోట దానిని స్పీకరులో వినిపించుచుందురు. దానికి సరిగా పెదవులు కదల్చుటయే పిల్లల పని. ఒక్క చరణమునే దూరమునుండియు దగ్గరనుండియు ప్రక్కనుండియు పలుమారులు తీసి, పిదప ఆ తునకలను కూర్చెదరు. మూడు నిమిషముల పాటకు ఒకటిన్నర దినము పట్టినది.

మనవా రెన్నుకొన్నది ఘనరాగ పంచరత్నములలోని శ్రీరాగ కృతి. అయిదింటిలో నాటరాగ కృతి సంస్కృతము. తక్కిన నాలుగును తెలుగు. అది దీర్ఘమైన కృతి యగుటచే పల్లవిని, కొన్ని చరణములను మాత్రమే తీసికొనిరి. రాగమునకు లోటు లేదు. సంగీతము నేర్చిన పిల్లలు చక్కగనే పాడిరి. కాని మొదటి దినమున కెమెరా ముఖమునకు దగ్గరగా వచ్చునప్పటికి గుట్టు బయటపడెను. ప, బ, భ, మ అను నక్షరములను పెదవులు కలుపక పలుకుట యెవ్వరి తరమును గాదు. మాట తెలియని పిల్లవాని పెదవులు మాత్రము కలియవలసిన చోట తెరచుకొనియే యుండెను. చెవి క్షమించిన దానిని కన్ను క్షమింపలేదు.

దీనికి మూలమేమన, పిల్లలలో పలువురు పాటను తమిళ లిపిలో అచ్చయిన పుస్తకమునుండి నేర్చికొనిరి. తమిళమున క, ఖ, గ, ఘ లకు ఒక్కటే యక్షరము. తెలుగు కృతుల నచ్చువేయు తమిళ పుస్తకములలో ఆ యక్షరము ప్రక్కన 2, 3, 4 అని చిన్న యంకెలు వేసి భేదము చూపుదురు. తమ లిపిలో లేని ధ్వనిని అంకెలతోనైనను కాపాడుకొను ఆ శ్రద్ధకు మనము నమస్కరింపవలెను. తెలుగు మాతృభాషగా గల మన పిల్లలో, ఆ యంకెలను దాటివేసి చదివిరి! ఇంట తెలుగు మాటాడుదురు, పాట తెలుగు, నడుమ నున్న కాగితము మాత్రము తెలుగు గాదు.

ఈ నేలభాష మనము నేర్వవలసినదే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముతో తమిళము నిర్బంధ పాఠ్యమైనది; తమిళము నేర్చుటవలన మన పిల్లలకు మేలే గాని కీడు లేదు. అయినను, ఇంట మాటాడు భాషయే గదా యని తెలుగు పుస్తకమును అటక యెక్కించుట యే చట్టమును చెప్పలేదు. అది మన యిండ్లలో మనమే చేయుచున్న పని.

ఆ రాత్రి బసలో, పాట రాని యొక బాలిక పెద్ద కాగితముమీద సాహిత్యమునంతయు తెలుగు లిపిలో పదములు విడదీసి వ్రాసినది. అర్థము తెలియని చోట్ల నిఘంటువును చూచితిమి. మరునాడు ఆ కాగితము పట్టుకొని ఆమె కెమెరా ప్రక్కన నిలిచెను. పాడువారందరును ఆమె చెప్పినట్లు వినవలసివచ్చెను. తునకలు కూర్చునప్పుడును ఆ కాగితమే దిక్కైనది. తాళము కొరకు పాటలో మాట నడుమ విరుగవచ్చును; బొమ్మ అచట మారినచో చూచువానికి ఆ మాట రెండు ముక్కలై అర్థము చెడును. మాట యెచట ముగియునో తెలిసినవాడే కత్తిరింపవలెను. ఇది కెమెరా విద్య గాదు, పదచ్ఛేదము. మనము తరగతిలో విసుగుకొనుచు చేయునదే.

అద్దె పట్టుబట్టలకై చేసిన వ్యయము మాత్రము నాకు నచ్చలేదు. ఆ ధనముతో మరి యిద్దరు పిల్లలను తీసికొనిపోయి యుండవచ్చును.

స్వామివారి (1767–1847) సమాధిమందిరములో చిత్రము తీయవలెనని పిల్లలు ఉబలాటపడిరి. లోపల భక్తులు కన్నులు మూసికొని కూర్చుండిరి. అడుగకుండ కెమెరా ఎత్తరాదని చెప్పగా, బయటనే నిలిచిరి. అచట వారికి బెంగుళూరు నాగరత్నమ్మగారి కథ చెప్పితిని. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో జన్మించి, మదరాసులో గాయనిగా కీర్తి గాంచి, తన యార్జితమును వెచ్చించి 1925 నాటికి ఆ మందిరమును నిలిపినది. స్త్రీలు అచట పాడగూడదన్న కాలమున వారిచే పాడించినది. తమిళదేశమున, తెలుగు వాగ్గేయకారునకు, కన్నడసీమలో పుట్టిన స్త్రీ కట్టించిన గుడి అది. ఆడపిల్లలు ఆమె ప్రతిమ యెదుట చాలసేపు నిలిచిరి. ఆ దృశ్యము వీడియోలో లేదు.

రాబోవు యాత్ర తంజావూరు జిల్లాలోని మేలట్టూరునకు కావలెనని నా సూచన. అచట నరసింహజయంతి కాలమున తమిళము మాటాడు గృహస్థులు, స్త్రీపాత్రలు సైతము పురుషులే ధరించి, వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రమును తెలుగులోనే ఆడుదురు. అది వైశాఖమున వచ్చును గనుక వేసవి సెలవులే. బడి పోవునను చింత లేదు. ఆ నాటకమును తెలుగు లిపిలో రెండు మాసములు ముందుగా చదివినవారినే వెంట తీసికొనిపోవలెను. పాట వచ్చునా రాదా యని అడుగ నక్కరలేదు. తల్లిదండ్రులు సమ్మతించినచో తమ పిల్లల పేర్లను ఉగాదిలోపల తెలుగు పండితులవారి కందజేయగోరెదను.