షష్ఠీ విభక్తి లేని కారు

మా పోర్టికోలో తొమ్మిదేళ్లుగా నీలం టార్పాలిన్ కప్పుకుని ఒక పద్మిని ఉంటోంది. అదేనండీ, పాతకాలం ఫియట్ కారు. 1974 నుంచి దానికి ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. మా వీధి ఆడవాళ్లు "వదినా, మీ సవతి ఎలా ఉంది?" అని అడుగుతారు. తొమ్మిదేళ్లలో అది గేటు దాటింది మూడుసార్లు. మూడుసార్లూ వీధి చివర కిళ్లీకొట్టు దాకా తనంతట తను వెళ్లి, నలుగురు తోస్తే వెనక్కి వచ్చింది.

ఇప్పుడు దాన్ని పంపించక తప్పని పరిస్థితి వచ్చింది. మాది తెనాలిలో కింద షాపు, పైన ఇల్లు. మా అత్తయ్యగారికి మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కలేకపోతున్నారు. మరిదిగారింట్లో రెండో అంతస్తులో ఉంటున్నారు. ఏడు నెలలుగా నేల మీద అడుగు పెట్టలేదు. "మీ ఇంట్లో కింద ఒక గది ఉంటే, తులసికోట దగ్గరకైనా వెళ్లేదాన్నమ్మా" అన్నారు ఫోన్లో. పోర్టికోకి గోడ కట్టిస్తే ఆ గది వస్తుంది. ముందు కారు కదలాలి.

కారు మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. 2016లో మా ఆయన స్నేహితుడొకాయన అరవై వేలు బాకీ పడ్డాడు. ఊరు వదిలి వెళ్తూ "డబ్బు లేదు గానీ ఈ బండి ఉంచుకో, కాగితాలు తర్వాత పంపిస్తా" అని తాళాలు ఇచ్చి వెళ్లాడు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. మా ఆయనకి మాత్రం ఆదివారాలు గడిచిపోయాయి. కార్బురేటరు విప్పడం, కడగడం, మళ్లీ బిగించడం. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి పాత సామాను వెతుక్కుని రావడం. మధ్యలో నా చీటీ డబ్బు నలభై ఐదు వేలు కూడా అందులో కలిసిపోయింది. అందుకే "నా కారు" అని ఆయన అన్నప్పుడల్లా నేను "మన కారు" అని దిద్దుతుంటాను.

ఇంట్లో మూడు పక్షాలు తయారయ్యాయి. ఒక బ్రోకరు వచ్చి ముప్పై వేలిస్తానన్నాడు. "కాగితాలు లేకపోయినా ఫర్వాలేదమ్మా, అవి నేను చూసుకుంటా" అన్నాడు. నాది బ్రోకరు పక్షం. మర్నాటికి స్థలం ఖాళీ అవుతుంది కదా. మా అబ్బాయిది ఊడదీసే పక్షం. తలుపులు, అద్దాలు, ముందు జాలీ, స్టీరింగు పక్కనుండే గేరు సామాను, అన్నీ విడివిడిగా అమ్మితే డెబ్బై వేలు వస్తాయని లెక్క వేసి చూపించాడు. ఇక మా ఆయనది ఏ పక్షమూ కాదు. "చూద్దాంలే" పక్షం.

బ్రోకరుకి సరే అని చెప్పేముందు ఊరికే మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన రవాణా శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను చెప్పిందంతా విని, "అమ్మాయీ, 'నేను చూసుకుంటా' అంటే ఏం చూసుకుంటాడో అడిగావా?" అన్నారు. నేను అడగలేదు.

ఆయన చెప్పింది ఇదీ. బండి ఎవరి దగ్గరున్నా, ఆర్సీ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లే. చేతులు మారి మారి వెళ్లిన ఒక బండి ప్రమాదం చేస్తే, పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న మనిషిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు ఆ బ్రోకరు మన బండి నంబరు ఇంకో బండికి తగిలిస్తే, దానికి జవాబు చెప్పాల్సింది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. పోనీ ఊడదీద్దామంటే అదీ మన ఇష్టం కాదు. బండి పనికిరాకుండా పోతే పద్నాలుగు రోజుల్లో యజమాని తెలియజేసి, ఆర్సీ అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. "ఆ యజమాని నువ్వు కాదు, మీ ఆయనా కాదు" అన్నారు బాబాయి.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. కిన్ కున్ యొక్క లోన్ లోపలన్ షష్ఠీ అని వల్లె వేశాను. 'ఎవరి' అనే ప్రశ్నకి జవాబిచ్చే విభక్తి అది. తొమ్మిదేళ్లు నా కారు, మన కారు అని మేమిద్దరం వాదించుకున్న ఆ బండికి అసలు షష్ఠీ విభక్తే లేదన్నమాట!

డ్యాష్‌బోర్డు అరలో వెతికితే ఒక పాత ఇన్సూరెన్సు కాగితం దొరికింది. అందులో గుంటూరు చిరునామా ఉంది. ఆదివారం ఇద్దరం వెళ్లాం. డెబ్బై దాటిన ఒకావిడ తలుపు తీశారు. ఆ కాగితంలో ఉన్న పేరు వాళ్లాయనది. ఆయన పోయి ఆరేళ్లయింది. కారు సంగతి చెప్పగానే ఆవిడ లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో ఆర్సీ ఉంది.

"మిగతా పద్దెనిమిది వేలూ ఇచ్చి తీసుకెళ్తానన్నాడమ్మా ఆ అబ్బాయి. మళ్లీ రాలేదు. మావారు చాలాకాలం ఎదురుచూశారు" అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "బండి నడుస్తోందా బాబూ?" అని అడిగారు. మా ఆయన తల వంచుకున్నారు. బాకీ కింద మాకు వచ్చిందనుకున్న బండి మీదే ఇంకొకరికి బాకీ ఉంది. మేం ఒక్కసారి ఆ అర వెతికి ఉంటే పెద్దాయన బతికుండగానే తెలిసేది.

ఇంతకీ అమ్మడమా, ఊడదీయడమా? నా అభిప్రాయం చెప్తాను. అది రెండో ప్రశ్న. ఎవరిది అన్నది మొదటి ప్రశ్న. మొదటిది దాటేసి రెండోదానికి ఎన్ని లెక్కలు వేసినా తప్పుడు లెక్కలే. "ముప్పై వేల డొక్కు బండికి ఇంత రాద్ధాంతమా?" అంది మా ఆడపడుచు. మనకి డొక్కే. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకుని ఉన్నారు.

మొదటి ప్రశ్న తేలాక రెండోదానికి నా ఓటు ఊడదీయడానికే. 1991లో రిజిస్టరైన బండి. 2006లోనూ 2011లోనూ రెన్యువల్ చేయించారు, 2016తో గడువు అయిపోయింది. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజుని 2022లోనే 600 నుంచి 5,000కి పెంచారు. ఫీజు కట్టినా బండి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి. మా బండి అడుగు రేకంతా తుప్పు. కూర్చుంటే కాళ్ల కింద నేల కనిపిస్తుంది. పద్మిని తయారీ ఆగిపోయి పాతికేళ్లవుతోంది. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీలకు కూడా 2023 అక్టోబరులో గడువు తీరింది. ఇంకా ఎక్కడో నడుస్తున్న నాలుగు బండ్లకి సామాను దొరకాలంటే మాలాంటి వాళ్ల పోర్టికోల్లోంచే రావాలి. ఆ విప్పేదేదో తొమ్మిదేళ్లు బిగించిన చేతులే విప్పితే మంచిదని నాకనిపిస్తుంది. బ్రోకరు సుత్తి పెట్టి కొడతాడు. ఈయన నట్లు కూడా డబ్బాలో వేసి దాస్తారు.

ఆవిడకి ఆ మాటే చెప్పాం. డెత్ సర్టిఫికెట్ పెట్టి ముందు బండిని ఆవిడ పేరు మీదికి మార్చుకోవాలి, దానికి ఫారం 31. తర్వాత ఆవిడ సంతకంతోనే రిజిస్ట్రేషన్ రద్దు. తిరగడం, ఖర్చు మావి. సామాను అమ్మితే వచ్చే డబ్బులో మొదటి పద్దెనిమిది వేలు ఆవిడవి. మిగిలితే నా చీటీకి. మా ఆయన దీనికి ఇంకా పైకి "సరే" అనలేదు. కానీ నిన్న రాత్రి పానాల పెట్టె తీసి తుడుస్తుంటే చూశాను.

గోడ పని రెండు నెలలు వెనక్కి పోయింది. నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆ రెండు నెలలూ మేడ మీద గడపాల్సింది నేను కాదు, అత్తయ్యగారు. ఆవిడకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "ఆవిడ డబ్బు ముందు ఇచ్చెయ్యండమ్మా, ఏడు నెలలున్నదాన్ని ఇంకో రెండు నెలలు ఉండలేనా" అన్నారు.

మీ ఇంట్లో కూడా మామగారి స్కూటరో, నాన్నగారి కారో మూల పడి ఉందేమో. దాన్ని ఏం చేయాలని మాట్లాడుకునే ముందు, ఆర్సీ ఎవరి పేరున ఉందో ఒక్కసారి తీసి చూడండి. మేం చూడటానికి తొమ్మిదేళ్లు పట్టింది.