రికార్డుల పెట్టె: అట్టమీద రాకెట్టు, లోపల ఎవరి వాద్యం?

పాత రికార్డుల దుకాణంలో ఒక్కో అట్టా వేళ్ళతో వెనక్కి తోసుకుంటూ పోతుంటే వున్నట్టుండి నల్లటి ఆకాశం, పిడికెడు చుక్కలు, అడ్డంగా దూసుకుపోతున్న ఓ రాకెట్టు కనిపిస్తాయి. పైన కొట్టొచ్చినట్టు పెద్దక్షరాల్లో 'స్టార్ వార్స్' అని వుంటుంది. గుండె ఝల్లుమంటుంది. ధర చూస్తే మరీ ఎక్కువేం కాదు. ఇంకేం, కొనేస్తాం. ఇంటికొచ్చి సూది పెట్టాక తెలుస్తుంది... థియేటర్లో విన్నది ఇది కాదు! అట్ట తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకెవరిదో ఆర్కెస్ట్రా పేరు!

సైన్స్ ఫిక్షన్ సినిమాల సంగీత సంకలనాలు పోగుచేసే సరదా వున్న ప్రతివారికీ ఈ దెబ్బ ఒకసారైనా తగిలే వుంటుంది. కాలేజీ రోజుల్లో టిఫిన్ డబ్బులు మిగిల్చి కొన్న రికార్డయితే ఆ బాధ రెట్టింపు. అలాగని ఆ రికార్డులన్నీ పనికిరానివని మాత్రం అనుకోకండి. కొన్ని నకళ్ళు అసలును మించి మోగుతాయి. కొన్ని నకళ్ళే ఏళ్ళ తరబడి అసలు లేని లోటు తీర్చాయి. ఏది ఏమిటో తెలుసుకుని కొంటే ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు.

ముందుగా ఒక సంగతి. మనకి సినిమా రికార్డు అంటే పాటల రికార్డు. ఆరు పాటలు, మహా అయితే నాలుగు డైలాగులు. రీరికార్డింగ్ మాత్రం థియేటర్లో విని అక్కడే వదిలేసి రావలసిందే. మన 'ఆదిత్య 369' (1991)నే తీసుకోండి. పాటల కాసెట్టు కొనుక్కుని అరిగిపోయేదాకా విన్నాం. కాలయంత్రం కదిలినప్పుడు ఇళయరాజాగారు ఏం వాయించారో వినాలంటే మాత్రం మళ్ళీ సినిమా పెట్టుకోవలసిందే! హాలీవుడ్‌లో వ్యవహారం దీనికి తలకిందులు. పాటలు లేని సినిమాలు కాబట్టి రీరికార్డింగే రికార్డుగా వస్తుంది. ఆ రికార్డుల్లోంచి తలా ఓ ముక్క ఏరి, మళ్ళీ వాయించి, ఒకే అట్టలో పెడితే అదే సంకలనం.

ఈ సంకలనాల తిరునాళ్ళ మొదలైంది 1977లో. ఆ ఏడు మే 25న 'స్టార్ వార్స్' అమెరికాలో విడుదలైంది. అంతకుముందు అంతరిక్షం అనగానే వింత చప్పుళ్ళే గుర్తొచ్చేవి. 'ఫర్బిడెన్ ప్లానెట్' (1956) కోసం లూయీ బారన్, బీబీ బారన్ అనే దంపతులు విద్యుత్ సర్క్యూట్లు సొంతంగా తయారుచేసి, అవి మాడిపోయేదాకా నడిపి, ఆ మూలుగులన్నీ టేపుమీద పట్టారు. వాద్యకారుల యూనియన్‌తో పేచీ వస్తుందని టైటిల్స్‌లో 'సంగీతం' అని కూడా వెయ్యలేదు, 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అన్నారు! ఆ ఎల్.పి. బయటికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అలాంటి రోజులు చూసినవాళ్ళకి జాన్ విలియమ్స్ నిండు సింఫనీ వినిపించేసరికి మతిపోయింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1977 మార్చిలో, లండన్ పక్కనున్న డెన్‌హామ్‌లోని ఆన్విల్ స్టూడియోలో తీసిన రికార్డింగ్ అది. టైటిల్స్‌లో చెవులు గింగురుమనిపించే ట్రంపెట్ వుంది చూశారూ, అది ఊదిన మారిస్ మర్ఫీకి ఆ ఆర్కెస్ట్రాలో అదే మొదటి ఉద్యోగం రోజట! రెండు ఎల్.పి.ల ఆల్బమ్‌గా వచ్చి, ఆస్కార్ కూడా కొట్టుకుపోయింది.

ఇక చూడండి, తలో చెయ్యీ వేశారు. అందరికంటే ముందు పరిగెత్తినవాడు మీకో. సినిమాని విడుదల రోజే చూసి, అది చాలక మళ్ళీ మళ్ళీ చూసి, ఆ బాణీలన్నిటికీ డిస్కో దరువు తగిలించి 'స్టార్ వార్స్ అండ్ అదర్ గెలాక్టిక్ ఫంక్' అని వదిలాడు. ఒక వైపంతా ఒకటే మెడ్లీ, పావుగంట ఏకబిగిన! అందులోంచి కత్తిరించిన సింగిల్ 1977 అక్టోబరులో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. విలియమ్స్ సొంత సింగిల్ పదో స్థానం దగ్గరే ఆగిపోయింది. తమాషాగా లేదూ? అసలు ఓడి నకలు గెలిచింది! పండితులు మీకో పేరెత్తితే మూతి ముడుస్తారు. నేను ముడవను. పెళ్ళి బ్యాండులో శాస్త్రీయ కీర్తన విని తలూపేవాళ్ళం, డిస్కో స్టార్ వార్స్‌కి తలూపితే తప్పేమిటి? పైగా అట్టమీద తన పేరు దాచుకోలేదు. మోసం లేదు.

ఇంగ్లండులో జెఫ్ లవ్ అని ఇంకొకాయన. 'స్టార్ వార్స్ అండ్ అదర్ స్పేస్ థీమ్స్' అని 1978లో 'మ్యూజిక్ ఫర్ ప్లెజర్' లేబుల్ మీద వచ్చింది. చవక ధరకి అమ్మడమే ఆ లేబుల్ వ్యాపారం. సినిమాలకి తోడు 'స్టార్ ట్రెక్', 'డాక్టర్ హూ' లాంటి టీవీ సీరియళ్ళ బాణీలు కూడా పెట్టారు. వాయింపు శుభ్రంగానే వుంటుంది గానీ లండన్ సింఫనీలో వున్న బలగం ఎక్కడ, ఇదెక్కడ! పదిమంది మోసే పల్లకిని నలుగురు మోస్తున్నట్టుంటుంది. అట్ట మాత్రం మహా బాగుంటుంది. గోడకి తగిలించుకోవడానికి కొనేవాళ్ళని నేనేమీ అనను.

అసలు పోటీ అంటే చెప్పుకోవలసింది మిగతా రెండింటి గురించి. రెండూ 1978 నాటివే. రెండిట్లోనూ ఒకే సరుకు: 'స్టార్ వార్స్', 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్'. ఒకటి మనవారిది! బొంబాయిలో పుట్టిన పార్సీ బిడ్డ జుబిన్ మెహతా లాస్ ఏంజిలిస్ ఫిల్హార్మోనిక్‌తో డెక్కా కంపెనీకి చేసిన రికార్డు. అంతకుముందే 1977 నవంబరులో హాలీవుడ్ బౌల్ ఆరుబయట వేదికమీద అదే ఆర్కెస్ట్రాతో స్టార్ వార్స్ కచేరీ చేశారాయన. బీథోవెన్, మాలర్ వాయించే చేతులతో సినిమా సంగీతమా అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళు లేకపోలేదు. ఈనాడు ప్రపంచంలో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలన్నీ ఆ పనే చేస్తున్నాయి. టికెట్లు కూడా దొరకడం లేదు!

రెండోది ఛార్లెస్ గెర్‌హార్ట్ లండన్‌లో నేషనల్ ఫిల్హార్మోనిక్‌తో ఆర్.సి.ఏ. కంపెనీకి చేసినది. ఈ నేషనల్ ఫిల్హార్మోనిక్ ఊళ్ళోవాళ్ళకి కచేరీలు చేసే బృందం కాదు, రికార్డింగుల కోసమే లండన్‌లోని మేటి వాద్యకారుల్ని ఏరి కూర్చినది. నిర్మాత జార్జ్ కోర్న్‌గోల్డ్. ఈయన తండ్రి ఎరిక్ కోర్న్‌గోల్డ్ 1930, 40లలో హాలీవుడ్‌కి సింఫనీ నేర్పిన మహానుభావుడు. ఆయన 'కింగ్స్ రో' (1942) టైటిల్ మ్యూజిక్ విని, ఆ వెంటనే స్టార్ వార్స్ వినండి. తండ్రి ముఖం కొడుకులో కనబడినట్టు పోలిక కనబడుతుంది. కాబట్టి గెర్‌హార్ట్ బృందానికి ఈ సంగీతం పొరుగింటిది కాదు, సొంత ఇంటిదే.

రెండూ పక్కపక్కన పెట్టి వింటే నా చెవికి తోచింది ఇది. మెహతాగారిది బరువైన నడక. ఇత్తడి వాద్యాలు మందంగా, గంభీరంగా వస్తాయి. యుద్ధఘట్టంలో మాత్రం ఆ బరువే కాళ్ళకి అడ్డుపడుతుంది. గెర్‌హార్ట్‌ది చురుకు. పైగా కింగ్స్‌వే హాల్లో తీసిన రికార్డింగ్ కావడంతో ప్రతి వాద్యం చుట్టూ గాలి ఆడుతున్నట్టుంటుంది. రాకుమారి లేయా బాణీలో హార్న్ మొదలయ్యేచోట వినండి, తేడా మీకే తెలుస్తుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, విలియమ్స్ సొంత ఎల్.పి. కంటే కూడా గెర్‌హార్ట్‌దే నేను ఎక్కువసార్లు పెట్టుకుంటాను. ఇదంటే కొట్లాటకొచ్చే మిత్రులున్నారు. రానివ్వండి!

తన సంగీతాన్ని తనే మళ్ళీ వాయించిన స్వరకర్తల సంగతి వేరు. బెర్నార్డ్ హెర్మన్ 1974లో 'ది ఫాంటసీ ఫిల్మ్ వరల్డ్ ఆఫ్ బెర్నార్డ్ హెర్మన్' అని ఒక ఎల్.పి. చేశాడు. 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' (1951), 'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్' (1959), 'ఫారెన్‌హైట్ 451' (1966)... ఇలా తన పాత సినిమాలనుంచి ఏరిన ముక్కలు. వాయించింది స్వయంగా స్వరకర్తే కాబట్టి ఇదే ప్రామాణికం అనుకుంటాం కదా? సినిమా పెట్టి చూస్తే నడక తెరమీద ఎక్కువ చురుకు, రికార్డులో బాగా నిదానం. వయసు మీదపడ్డాక హెర్మన్ చేయి నెమ్మదించింది. 1975 డిసెంబరు 24న పోయాడు పాపం. 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' సినిమా ట్రాకులే డిస్కుగా రావడానికి 1993 దాకా ఆగవలసివచ్చింది. నన్నడిగితే రెండూ వుండవలసినవే. ఒకటి నలభై ఏళ్ళవాడు రాసి వాయించినది, ఇంకొకటి అరవై దాటినవాడు తల్చుకున్నది.

ఎనభైలలో సంకలనాలు వరదగా వచ్చాయి. నీల్ నార్మన్ 'గ్రేటెస్ట్ సైన్స్ ఫిక్షన్ హిట్స్' అని వరసగా వదిలాడు. గిటారు, సింథసైజరు కలిపి అన్నీ ఒకే పోపులో వేయించిన కూరలు. ఒకటీ రెండూ బాగానే వుంటాయి, పది తింటే వెగటు. జాన్ విలియమ్స్ బోస్టన్ పాప్స్ పగ్గాలు పట్టాక 1980లో 'పాప్స్ ఇన్ స్పేస్' చేశాడు. ఇది కొనదగ్గదే. ఎరిక్ కున్‌జెల్, సిన్సినాటి పాప్స్ కలిసి టెలార్క్ లేబుల్‌కి చేసిన 'స్టార్ ట్రాక్స్', 'టైమ్ వార్ప్' (రెండూ 1984) కాంపాక్ట్ డిస్కు కొత్తగా వచ్చిన రోజుల్లో దుకాణాలవాళ్ళు స్పీకర్ల సత్తా చూపించడానికి పనికొచ్చేవి. డ్రమ్ము కొడితే కిటికీ అద్దాలు అదురుతాయి. పక్కింటివాళ్ళతో మీకు సఖ్యత వుంటేనే పెట్టండి.

ఈ సంకలనాలన్నిట్లో తప్పనిసరిగా వుండే ముక్క ఒకటుంది: '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) మొదట వినిపించే సూర్యోదయం. రిచర్డ్ స్ట్రాస్ 1896లో రాసిన అరగంట పైచిలుకు రచనలో మొదటి నిమిషంన్నర అది. అది అవగానే కత్తిరించేస్తారు. అందుచేత మా ఇంట్లో సూర్యుడు తొమ్మిది రికార్డుల్లో ఉదయిస్తాడు, ఒక్కదాంట్లోనూ మధ్యాహ్నం కాదు!

ఆ రికార్డు వెనక తగువు కూడా చెప్పుకోదగ్గదే. సినిమాలో మోగేది కరాయన్ నడిపిన వియన్నా ఫిల్హార్మోనిక్, డెక్కా వారిది. సినిమాతో తమ పేరు కలవడం డెక్కా వారికి ఇష్టం లేకపోయింది. దాంతో ఎం.జి.ఎం. సౌండ్‌ట్రాక్ ఎల్.పి.లో కార్ల్ బోమ్ నడిపిన బెర్లిన్ వారి వాయింపు పెట్టారు. అంటే 'సౌండ్‌ట్రాక్' అని అట్టమీద అచ్చేసిన రికార్డులోనే సినిమాలోది లేదన్నమాట! ఇంతకంటే పెద్ద దెబ్బ ఆలెక్స్ నార్త్‌కి తగిలింది. ఈ సినిమాకి సంగీతం రాసి రికార్డు చేసి ఇచ్చినవాడు ఆయన. తీరా ప్రదర్శనకి వెళ్ళి కూర్చుంటే తన స్వరం ఒక్కటీ లేదు. కుబ్రిక్ మొత్తం తీసేశాడు, చెప్పనైనా లేదు. నార్త్ 1991లో కన్నుమూశాడు. ఆయన మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతాన్ని మళ్ళీ వాయించగా 1993లో డిస్కు వచ్చింది. 1968 నాటి అసలు టేపులు 2007లో వెలుగు చూశాయి. మీ దగ్గర 2001 రికార్డు వుంటే ఆ పక్కన ఖాళీ వుంచి నార్త్‌ది పెట్టుకోండి.

కొనేముందు చూడవలసింది వెనకట్ట. 'ఒరిజినల్ సౌండ్‌ట్రాక్' అంటే సాధారణంగా సినిమా టేపులనుంచి, లేదా స్వరకర్త ఆధ్వర్యంలో. 'మ్యూజిక్ ఫ్రమ్' అంటే అనుమానించండి. 'ఇన్‌స్పైర్డ్ బై' అంటే సినిమాతో చుట్టరికం కూడా వుండకపోవచ్చు. మన కాసెట్ల రోజుల్లో హీరో బొమ్మ అట్టమీద వేసి, లోపల ఇంకెవరో గాయకుడితో పాడించి అమ్మిన ఘనులు మనకీ వున్నారుగా, అదే విద్య.

చివరిగా 'బ్లేడ్ రన్నర్' (1982). వాంజెలిస్ సింథసైజర్లతో వర్షం కురిపించిన సినిమా. ఆఖరి టైటిల్స్‌లో సౌండ్‌ట్రాక్ రికార్డు పాలిడార్ లేబుల్ మీద దొరుకుతుందని వేశారు కూడా. వెళ్ళి అడిగితే లేదు! దాని బదులు ఆ ఏడాదే న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా వాయించిన రికార్డు ఒకటి వచ్చింది. సింథసైజర్ల పొగమంచుని వయొలిన్లతో, శాక్సఫోన్‌తో వాయించారు. అభిమానులు తిట్టుకుంటూనే కొన్నారు, గతిలేక. 1989లో వాంజెలిస్ 'థీమ్స్' అనే సంకలనంలో మూడు ముక్కలు బయటపడ్డాయి. ఆ మూడింటి కోసమే ఆ డిస్కు కొన్నవాళ్ళు ఎందరో! ఈలోగా దొంగచాటు డిస్కులు చేతులు మారాయి. వాంజెలిస్ సొంత ఆల్బమ్ వచ్చింది 1994లో, సినిమా వచ్చిన పన్నెండేళ్ళకి. అందులోనూ సంగీతం మధ్య సినిమా డైలాగులు కలిపాడు, వున్నది కూడా మొత్తం కాదు. 2007లో మూడు డిస్కుల సెట్టు వచ్చింది. మూడోది సరికొత్త రచన. ఇప్పటికీ ఫలానా సీనులోది ఎక్కడా లేదని అభిమానులు లెక్కలు తీస్తూనే వున్నారు.

ఆ 1982 నాటి ఆర్కెస్ట్రా ఎల్.పి. ఇప్పుడు అందరూ తీసిపారేసేదే. నేను మాత్రం అమ్మను. పన్నెండేళ్ళపాటు జనం దగ్గర దుకాణంలో కొన్న బ్లేడ్ రన్నర్ అంటే అదొక్కటే. ప్రేమఘట్టం బాణీ అందులో ఓ రాత్రి వినండి, సినిమాని పక్కన పెట్టి.

థెరెమిన్ అనే ముట్టుకోకుండా వాయించే వాద్యం గురించి చెప్పమని అడిగిన పాఠకులకి జవాబు వచ్చేవారం. ఈ వారానికి చోటు అయిపోయింది.